గుల్షన్ బ్యాండు వారి షార్ట్‌కట్లు

మార్కాపురం,
6-10-2025.

హైదరాబాదులోని నాదరేఖ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెద్దలందరికీ, మార్కాపురం గుల్షన్ బ్యాండు మాస్టరు ముస్తాక్ అహ్మద్ సలాములు. మీ కొత్త వెర్షన్ వచ్చేదాకా మేమిక్కడ క్షేమంగానే ఉన్నాం.

ఈ ఫిర్యాదు మీ వెబ్‌సైటులోనే పెడదామని చూశాను. అక్కడి పెట్టెలో మూడు వందల అక్షరాలకు మించి పట్టవట. నా కోపం అంతలో ఇమడదు. అందుకే కాగితం మీద రాసి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను.

ముందు మీ మంచి చెబుతాను. పదకొండేళ్ల కిందట మా అమ్మాయి ముబాషిరా తన మొదటి జీతంతో నాకు లాప్‌టాప్ కొని, అందులో మీ నాదరేఖ వేయించింది. అప్పటిదాకా మా పాటల స్వరాలన్నీ నా తలకాయలోనే ఉండేవి. నాకు జ్వరమొస్తే బ్యాండుకీ జ్వరమే. నాదరేఖలో అయిదు గీతల మీద స్వరానికో చుక్క పెట్టి, బటన్ నొక్కితే అదే పాట వాయించి వినిపించింది. నేను కుర్చీలోంచి లేచి దానికి సలాం కొట్టాను. అబద్ధం కాదు, మా ఆవిడ ఖాతూన్బీ సాక్షి.

మౌసు నా చేతికి లొంగలేదు. క్లారినెట్ వాయించిన వేళ్లు కాబట్టి కీబోర్డు మాత్రం ఇట్టే పట్టుబడింది. నాలుగు నొక్కితే తాళంలో ఒక దెబ్బ సేపు పలికే స్వరం. ఐదు నొక్కితే రెండు దెబ్బలు. ఆరు నొక్కితే నాలుగు. కంట్రోల్ ఆర్ కొడితే అదే ముక్క మళ్లీ. కళ్లు మూసుకుని కొట్టేవాణ్ణి. ఎంత చక్కగా అమర్చారో ఆ మహానుభావులు అనుకుంటూ ప్రతి శుక్రవారం నమాజు తర్వాత మీకోసం దువా చేసేవాణ్ణి.

మొన్న పొద్దున లాప్‌టాప్ తెరిచేసరికి అదంతట అదే కొత్త వెర్షన్ వేసేసుకుంది. నన్ను ఒక్క మాట అడగలేదు. నాలుగు కొడితే అర దెబ్బ వస్తోంది. ఒక దెబ్బ కావాలంటే ఐదు కొట్టాలట. రెండు దెబ్బలకు ఆరట. అంకెలన్నీ ఒక మెట్టు పక్కకు జరిగి కూర్చున్నాయి. కంట్రోల్ ఆర్ కొడితే మళ్లీ వాయించడం పోయి, 'అంతా మూసేయమంటారా' అని అడుగుతోంది. మన వంటింట్లోకి ఎవరో వచ్చి ఉప్పు డబ్బాలో కారం పోసి వెళ్లినట్టుంది నా పరిస్థితి.

ఇది నా ఒక్కడి బాధ అయితే పళ్లు బిగించి ఊరుకునేవాణ్ణి. నేను కాక మా బ్యాండులో పందొమ్మిది మంది ఉన్నారు. పదకొండేళ్లుగా అందరూ ఈ షార్ట్‌కట్లే వాడుతున్నారు. మీరు పెట్టిన ఆ అంకెలు వాళ్లకు కంఠతా వచ్చు. ఇప్పుడు వాళ్ల గతి ఏమిటో వెంటనే తెలపగలరు.

ఇట్లు,
మీ మేలు మరవని, ప్రస్తుతానికి మీమీద అలిగిన,
ముస్తాక్ అహ్మద్.

తా.క. ఈ మార్పు చేసినవాడెవడో, వాడి చెప్పులు రోజుకో చోట దాచిపెట్టమని ఖాతూన్బీ చెప్పింది. ఈ ఉత్తరం సంగతి ఆమెకు అసలు తెలియదని కూడా రాయమంది.


హైదరాబాదు,
13-10-2025.

గౌరవనీయ వినియోగదారులు శ్రీ ముస్తాక్ అహ్మద్ గారికి, నాదరేఖ వినియోగదారుల సేవా విభాగం నుండి నమస్కారములు.

మీ లేఖ అందినది. అంతర్జాతీయ ప్రమాణములకు అనుగుణంగా, విస్తృత అధ్యయనం అనంతరం, కీబోర్డు షార్ట్‌కట్లు మార్చబడినవి. రోజుకొక గంట చొప్పున వారం రోజులు సాధన చేసినచో కొత్తవి అలవాటగునని మా అధ్యయనంలో తేలినది.

మరొక ముఖ్య విషయం. మా రికార్డుల ప్రకారం మీకు ఒక్క కంప్యూటరుకు మాత్రమే అనుమతి కలదు. మరో పందొమ్మిది మంది పదకొండేళ్లుగా వాడుచున్నట్లు మీ లేఖలో మీరే తెలిపియున్నారు. కావున సదరు పందొమ్మిది కంప్యూటర్ల వివరములు, అవి ఉన్న చిరునామాలు వెంటనే పంపగలరు. లేనిచో మీ ఖాతా నిలిపివేయబడును.

ఇట్లు,
భవదీయురాలు,
ఇందు, సేవా విభాగం.

తా.క. పైదంతా మా మేనేజరు శ్రీహరి గారు చెబుతుంటే రాసింది. ఈ ముక్క నాది. కాగితం మీద వచ్చిన ఉత్తరానికి కాగితం మీదే జవాబివ్వాలని మా కంపెనీ నియమం. అలాంటి ఉత్తరం రావడం మాత్రం ఇదే మొదలు. స్టాంపు కవరుకు ఏ మూల అంటించాలో ఆరుగురం కూర్చుని చర్చించాం. తప్పు మూల అంటిస్తే మన్నించండి.


మార్కాపురం,
20-10-2025.

ఇందు బిడ్డకు దీవెనలు. శ్రీహరి గారికి వేరుగా, కొంచెం పొడిగా, సలాములు.

స్టాంపు సరైన మూలనే ఉంది. తేడా అంతా లోపలి ఉత్తరంలో ఉంది.

పందొమ్మిది కంప్యూటర్ల చిరునామాలు అడిగారు. మా శ్యాంసన్ తర్లుపాడులో ఉంటాడు, పలకల రాతి గనిలో రాయి కొడతాడు, పెళ్లిళ్ల రోజుల్లో ట్రంపెట్ ఊదుతాడు. అంకన్నది రాచర్ల, గొర్రెలు కాస్తాడు, సైడ్ డ్రమ్ము వాయిస్తాడు. అబ్రార్‌ది మార్కాపురంలోనే పంక్చర్ల దుకాణం. మిగతా అందరూ ఇలాంటివాళ్లే. వీళ్లలో ఒక్కరూ ఇంతవరకు కంప్యూటరును వేలితో తాకలేదు. శ్యాంసన్ అయితే నా లాప్‌టాప్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వస్తాడు.

మరి షార్ట్‌కట్లు ఎలా వాడతారంటావా? చెబుతాను విను. మావాళ్లకు పాట చెవితోనే వచ్చేస్తుంది. ఏ స్వరాన్ని ఎంతసేపు పట్టాలన్న దగ్గరే గొడవ. ఒకడు ముందు వదిలేస్తాడు, ఇంకొకడు ఊదుతూనే ఉంటాడు. అయిదు గీతలూ చుక్కలూ నేర్పుదామని నేను ఇరవై ఏళ్లు తల బద్దలుకొట్టుకున్నాను. ఒక్కరికీ ఎక్కలేదు. లాప్‌టాప్ వచ్చిన కొత్తలో నేను నాలుగు, నాలుగు, ఐదు అని పైకి అనుకుంటూ కొట్టేవాణ్ణి. అది వింటూ కూర్చున్న శ్యాంసన్ ఒకరోజు విరిగిన పలక ముక్క మీద 4 4 5 అని రాసుకుని, దాన్ని చూస్తూ ట్రంపెట్ ఊదాడు. వెంట్రుకవాసి తేడా లేదు. అక్షరాలు రానివాళ్లకు కూడా అంకెలు వస్తాయి కదా. బస్సు నంబరు, ఫోను నంబరు, గొర్రెల లెక్క, అన్నీ అంకెలే. వారం తిరిగేసరికి పందొమ్మిది మందీ పలకలు పట్టారు. నేను ఇరవై ఏళ్లలో నేర్పలేనిది మీ కీబోర్డు వారంలో నేర్పింది.

ఊరేగింపులో ప్రతివాడి వీపు మీదా ఒక పలక వేలాడుతుంది. ముందువాడి వీపు చూసి వెనకవాడు వాయిస్తాడు. నేను అందరికంటే ముందు నడుస్తాను, నా వీపు చూసి శ్యాంసన్ వాయిస్తాడు. నోటితో ఇచ్చే హుకుములు కూడా మీవే. నేను 'కంట్రోల్ ఆర్' అని అరిస్తే అదే ముక్క మళ్లీ. 'కంట్రోల్ జెడ్' అంటే వెనక్కిపోయి మొదటి నుంచి. 'ఎస్కేప్' అంటే ఎదురుగా లారీ వస్తోంది, అందరూ పక్కకు.

సరే, పెద్ద కంపెనీ చెప్పిందని నీ మాట మన్నించాను. రోజుకు గంట కాదు, మూడు గంటలు కూర్చుని సాధన చేశాను. ఇప్పుడు నా వేళ్లు కొత్త అంకెల మీద గుర్రాల్లా పరుగెత్తుతున్నాయి. నిజం చెప్పాలంటే మీ కొత్త అమరికలోనూ అందం ఉంది. ఆ హుషారులో ఒక కొత్త పాట కట్టి, వీపు మీద వేసుకునే పలకలన్నిటి మీదా నా చేత్తోనే రాశాను. 26వ తేదీ ఆదివారం గిద్దలూరులో పెళ్లి ఊరేగింపు. అక్కడ వాయిస్తాం.

ఇట్లు,
ఒకే ఒక్క లాప్‌టాప్ గల,
ముస్తాక్ అహ్మద్.

తా.క. పలకల మోడలేమిటని శ్రీహరి గారు అడగవచ్చు. అంకన్నదానికి ఒక మూల విరిగింది. అబ్రార్‌దాని వెనక వాళ్ల చెల్లెలు అస్మా గీసిన కోడిపిల్ల ఉంది. కొత్త వెర్షన్ వేయాలంటే తడిగుడ్డ చాలు.


హైదరాబాదు,
24-10-2025.

మాస్టరు గారికి, ఇందు నమస్కరించి రాసేది. ఈసారి ఎవరూ పక్కన నిలబడి రాయించలేదు.

మీ ఉత్తరం మా భోజనాల గదిలో గట్టిగా చదివాను. మొదట నలుగురం ఉన్నాం. నేను చదవడం ముగించేసరికి గుమ్మం బయట కూడా జనం నిలబడ్డారు. ఒక ఇంజినీరు 'వీపు మీదా?' అని మూడుసార్లు అడిగి, అన్నం పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి చదివించుకున్నాడు. పదకొండేళ్లుగా మేం కంప్యూటర్లకే షార్ట్‌కట్లు చేస్తున్నాం అనుకున్నాం. వాటితో పందొమ్మిది మంది పాట చదువుతున్నారని మాలో ఎవరికీ తెలియదు. మాస్టరు గారూ, నాకు ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు.

శ్రీహరి గారు మాత్రం ఒక అనుమానం లేవదీశారు. మీ ఒక్కరికే అనుమతి ఉన్న షార్ట్‌కట్లను మీరు నడిరోడ్డు మీద అందరికీ వినపడేలా అరుస్తున్నారు కాబట్టి, అది అనుమతి లేని పంపిణీ కిందికి వస్తుందేమోనని మా లాయరుకు ఫోను చేశారు. ఆయన చాలాసేపు నవ్వి, పెళ్లి ఊరేగింపులో అరిచిన మాట మీద కేసు వేస్తే తనకు మళ్లీ కోర్టులో ముఖం చెల్లదన్నారు. మీ ఖాతాకు ఇక ఢోకా లేదు.

ఇట్లు,
మీ బ్యాండును ఒక్కసారైనా చూడాలనుకుంటున్న,
ఇందు.

తా.క. కవరు అంటించబోతుంటే ఒక సందేహం వచ్చింది. కొత్త అంకెలు మీరు నేర్చుకున్నారు. పలకల మీద కొత్త అంకెలే రాశారు. అంకెలు మారాయని మీ పందొమ్మిది మందికీ చెప్పారు కదా?


మార్కాపురం,
3-11-2025.

ఇందు బిడ్డకు, ముస్తాక్ అహ్మద్ తల దించుకుని రాసేది.

నీ తా.క. పెళ్లయిన రెండు రోజులకు చేరింది. లేదమ్మా, చెప్పలేదు. ఏ ఒక్కరికీ చెప్పలేదు. నా వేళ్లు నేర్చుకుంటే లోకమంతా నేర్చుకున్నట్టే అనుకున్నాను.

గిద్దలూరులో పెళ్లికొడుకు ఖాలిద్‌ను గుర్రం ఎక్కించారు. ఫంక్షన్ హాలు అర కిలోమీటరు దూరం. నేను ముందు నిలబడి చెయ్యి ఎత్తి దించాను. ఐదు అంటే ఒక దెబ్బ అని నేను రాశాను. ఐదు అంటే రెండు దెబ్బలని వాళ్లు చదివారు. ఎగిరి దూకాల్సిన పాట కాళ్లీడుస్తూ బయలుదేరింది. బ్యాండు ఎంత మెల్లగా నడిస్తే పెళ్లి అంత మెల్లగా నడవాలి కదా. నేను కంగారుపడి, తప్పు దిద్దుకుంటారని 'కంట్రోల్ జెడ్' అని అరిచాను. అందరూ బుద్ధిగా పాట మొదటికి పోయారు. అర కిలోమీటరు దాటడానికి రెండు గంటల పది నిమిషాలు పట్టింది. గుర్రం నిలబడే కునుకు తీసింది. హాలులో బిర్యానీ రెండుసార్లు వేడి చేశారట.

చిత్రమేమిటంటే ఒక్కరూ తిట్టలేదు. మేడల మీద నిలబడ్డ ముసలివాళ్లు 'ఏం దర్జా, ఏం నిదానం' అన్నారు. ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, నవాబుల పెళ్లి చూసినట్టుందని కళ్లు తుడుచుకున్నాడు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది.

హాలు దగ్గర శ్యాంసన్ నా వీపు మీది పలక విప్పి, చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ ఐదు ఎవరు రాసినారు మాస్టరూ?" అని అడిగాడు. నేను ఒళ్లు మండి ఉన్నాను. "నేనే రాసినా. సదివేది రాకపోతే ఐదేం చేస్తాది?" అన్నాను. అందరి ముందరా అన్నాను. అతను పలక చంకలో పెట్టుకుని బస్సెక్కి వెళ్లిపోయాడు.

నేను ఎంత మాట అన్నానో నీకు తెలియాలంటే శ్యాంసన్ గురించి తెలియాలి. బడి మొహం చూడని మనిషి. చిన్నప్పటి నుంచి లోకంలోని పిల్లలందరికీ పలకల రాయి కొట్టిపెట్టాడు, తను మాత్రం నలభై ఏడో ఏట పలక పట్టాడు. ఆ 4 4 5 అతను జీవితంలో మొదట రాసిన రాత. అప్పటి నుంచి ఎవరైనా అడిగితే "నేను సదువుకున్నోణ్ణి" అంటాడు, అది కూడా మెల్లగా, పక్కవాడికి గొప్పగా అనిపించకుండా. ఆ ఒక్క మాటను నేను పది మందిలో లాగి పారేశాను. తప్పేమో నాది.

నీ ఉత్తరం చదివిన మరుక్షణం తర్లుపాడు ఆటో ఎక్కాను. మూడుసార్లు వెళ్లాను. మూడుసార్లూ అతని కోడలు హన్నా గుమ్మంలోనే ఆపింది. "మామ ఎవురినీ రానీయొద్దన్నాడు. లోపల గొళ్లెం పెట్టుకోని పలకలన్నీ తుడుస్తాండాడు" అంది.

బిడ్డా, పదకొండేళ్లలో మేం రాసుకున్న పాటలన్నీ ఆ ఇంట్లోనే ఉన్నాయి, రెండు వందల పన్నెండు పలకలు. నా మాటకు నొచ్చుకుని నేర్చిన చదువంతా తుడిచేస్తున్నాడు. కిటికీ దగ్గర నిలబడి, తప్పు నాది, అంకెలు మారాయి అని అరిచాను. లోపల తడిగుడ్డ రుద్దే చప్పుడు ఆగలేదు.

డిసెంబరు 14న రాచర్లలో పెళ్లి ఒప్పుకున్నాను. శ్యాంసన్ లేకపోతే ఆ పెళ్లిలో ట్రంపెట్ లేదు, పలకలు లేకపోతే పాటే లేదు. అవి పోతే పోనీ, అతను నాకు దక్కాలి. మీరు పాత అంకెలు తిరిగి పెట్టండి. అతని ఐదు సరైనదేనని కంపెనీ ముద్ర వేసి ఒక ఉత్తరం ఇవ్వండి. నా మాట నమ్మకపోయినా ముద్రను నమ్ముతాడు.

ఇట్లు,
నోరు జారిన,
ముస్తాక్ అహ్మద్.

తా.క. శ్యాంసన్ ఇంటికొచ్చినాకే నాకు చాయ్ అని ఖాతూన్బీ చెప్పేసింది. ఆరు రోజులైంది. కొంచెం తొందరగా చెయ్యి తల్లీ.


హైదరాబాదు,
14-11-2025.

మాస్టరు గారికి, ఇందు నమస్కారాలు.

ముందుగా ఒక నిజం చెప్పాలి. మీరు మొదటి ఉత్తరంలో తిట్టిన మనిషిని నేనే. సేవా విభాగానికి రాకముందు కీబోర్డు విభాగంలో పనిచేశాను. ఆ అంకెలను ఒక మెట్టు జరిపిన పట్టిక నేను తయారుచేసిందే. అంతకుముందు రెండు వందల మందిని ప్రశ్నలు అడిగాం. వాళ్లలో ఒక్కరి వీపు మీదా పలక లేదు. ఆ పట్టికకు నాకు మెప్పుదల కాగితం కూడా ఇచ్చారు. మీ ఉత్తరం చదివాక దాన్ని గోడ మీంచి తీసేశాను.

శ్రీహరి గారి ముందు మీ ఉత్తరం పెట్టి, పాత అంకెలు వెనక్కి రావాలని పట్టుబట్టాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "గుర్రం నిజంగా నిద్రపోయిందా?" అని అడిగారు. నిజమేనన్నాను. వెంటనే సంతకం పెట్టారు. ఇంజినీర్లు తొమ్మిది రోజులు కూర్చున్నారు. నిన్నటి నుంచి, నాదరేఖ ఉన్న ప్రతి కంప్యూటరులోనూ నాలుగు కొడితే ఒక దెబ్బ, ఐదు కొడితే రెండు దెబ్బలు. మళ్లీ వీటి జోలికి ఎవరూ పోకూడదని శ్రీహరి గారు ఉత్తర్వు వేసి బోర్డు మీద అంటించారు.

శ్యాంసన్ గారికి కంపెనీ ముద్రతో వేరే ఉత్తరం జతపరుస్తున్నాను. అందులో ఇలా ఉంది: 'అయ్యా, గిద్దలూరులో మీరు ఐదును సరిగ్గానే చదివారు. మారింది మా ఐదు. మీకు కలిగిన బాధకు కంపెనీ తరఫున క్షమాపణలు. మా షార్ట్‌కట్లు మీ అంత బాగా చదివినవారు మా ఆఫీసులోనే లేరు.' చివరి వాక్యం శ్రీహరి గారు చేర్చమన్నారు.

ఆయన పలకలు ఇంకా ఎన్ని మిగిలాయో తెలియడం లేదు. ఉత్తరం అందగానే వెళ్లండి మాస్టరు గారూ.

ఇట్లు,
చెప్పులు జాగ్రత్తగా చూసుకుంటున్న,
ఇందు.

తా.క. మా ఆఫీసులో మీ హుకుములు పాకాయి. శ్రీహరి గారు లిఫ్టు దిగుతున్నారంటే ఎవరో ఒకరు 'ఎస్కేప్' అంటారు. నిన్న ఆయనే విని పక్కకు తప్పుకున్నారు, లారీ వస్తోందనుకుని.


మార్కాపురం,
20-11-2025.

ఇందు తల్లికి ముస్తాక్ అహ్మద్ వేయి సలాములు, ఒక క్షమాపణ. క్షమాపణ దేనికో చివర్లో చెబుతాను. ముందే చెబితే ఉత్తరం చించేస్తావు.

నీ కవరు అందగానే తర్లుపాడు వెళ్లాను. ఈసారి గుమ్మంలోనే నిలబడి కంపెనీ ఉత్తరం గట్టిగా చదివాను. 'మీరు ఐదును సరిగ్గానే చదివారు' అన్న వాక్యం రెండుసార్లు చదివాను. ఆ రోజు నేనన్నది సిగ్గులేని మాట అని, పది మందిలో అన్నాను కాబట్టి పది మందిలోనే మాఫీ అడుగుతానని చెప్పాను. లోపల గొళ్లెం తీసిన చప్పుడైంది.

గది నిండా పలకలు తల్లీ. గోడవారగా, మంచం కింద, బియ్యం డ్రమ్ము మీద. నేను భయపడుతూ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. ఖాళీగా లేదు. నిండా అంకెలున్నాయి. ఇంకొకటి తీశాను, అదీ నిండానే. అన్నీ శ్యాంసన్ చేతిరాతే, వరి నాటినట్టు వరసగా. కాసేపటికి గాని నాకు బుర్రకు ఎక్కలేదు. పాత పాటలో నాలుగున్న చోటల్లా ఐదు ఉంది. ఐదున్న చోట ఆరు ఉంది. రెండు వందల పన్నెండు పలకలూ తుడిచి, ప్రతి అంకెకూ ఒకటి కలిపి, నీ కొత్త అంకెల్లోకి మార్చి మళ్లీ రాశాడు.

గిద్దలూరులో మొదటి మలుపు తిరిగేసరికే అతనికి సంగతి తెలిసిపోయిందట. అంతకుముందు వారమంతా నేను లాప్‌టాప్‌లో ఐదు కొట్టి ఒక దెబ్బ వింటుంటే గుమ్మం దగ్గర నిలబడి చూశాడట. మరి నువ్వైనా సరిగ్గా వాయించలేదేమయ్యా అన్నాను.

"ఎనకాల పద్దెనిమిది మంది రెండు లెక్కపెడ్తాండారు. నేనొక్కణ్ణి ఒకటి లెక్కపెడితే పెళ్లి రెండు ముక్కలైతాది మాస్టరూ. అందరం కలిసి తప్పుపోతే అది తప్పని ఎవురికీ ఇనపడదు" అన్నాడు.

ముప్పై ఆరేళ్లుగా బ్యాండు నడుపుతున్నాను. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, నాకై నాకు తట్టలేదు. నవాబుల పెళ్లి అని ఆ పెద్దాయన కళ్లు తుడుచుకున్నది ఎవరి పుణ్యమో ఇప్పుడు తెలిసింది.

నా మాట గుచ్చుకుందని దాచకుండా చెప్పాడు. రెండు దినాలు అన్నం సయించలేదట. మూడో దినం లేచి పలక ముందర పెట్టుకున్నాడట. పని సగంలో నేను చూస్తే వద్దని ఆపుతానని గొళ్లెం పెట్టుకున్నాడు. ఇంత కష్టం ఎందుకు పడ్డావయ్యా, నన్నే పాత అంకెలకు రమ్మంటే సరిపోయేది కదా అన్నాను.

"మీ చేతి ఏళ్లు కొత్తదానికి తిరిగిపోయినాయి. ఈ వయసులో మళ్ల ఎనక్కి తిప్పుకునేది కష్టం. పలకదేముంది మాస్టరూ, తుడిస్తే పోతాది" అన్నాడు.

నేను పలక కింద పెట్టి అతన్ని కావలించుకున్నాను. ఇద్దరం ముసలివాళ్లం ఏడుస్తుంటే హన్నా లోపలికి పోయి చాయ్ పెట్టింది. ఇరవై రోజుల తర్వాత నా నోట్లో చాయ్ పడింది.

ఇంతా చేసి, మిగిలిన పద్దెనిమిది మందికీ కొత్త అంకెలు అతను ముందే నేర్పేశాడు. అంకన్నకు రాచర్ల వెళ్లి గొర్రెల మధ్య కూర్చుని చెప్పాడట. తెలియనిది నా ఒక్కడికే. గిద్దలూరు వాళ్లు ఇంకో రెండు పెళ్లిళ్లకు ఆ నిదానం పాటే కావాలని అడుగుతుంటే, దానికీ కొత్త అంకెల్లో వేరే పలక రాసి సిద్ధంగా పెట్టాడు.

ఇక క్షమాపణ సంగతి. ఇంటికొచ్చి సంతోషంగా లాప్‌టాప్ తెరిచాను. నాలుగు కొడితే ఒక దెబ్బ, ఐదు కొడితే రెండు. నువ్వు మేనేజరుతో కొట్లాడి, తొమ్మిది రోజులు ఇంజినీర్లను కూర్చోబెట్టి తెచ్చిన పాత అంకెలు. పలకలు కొత్తవి, పందొమ్మిది మందీ కొత్తకు మారారు, నా వేళ్లు కొత్తకు మారాయి. ఈ చుట్టుపక్కల పాత అంకెలు మిగిలింది మీరు పంపిన వెర్షన్‌లో మాత్రమే.

కాబట్టి తల్లీ, చెప్పడానికి నోరు రావడం లేదు గాని, దయచేసి పాతవి తీసేసి మళ్లీ నీ కొత్తవే పెట్టించు. అన్ని ఊళ్లకూ అక్కర్లేదు, మా ఒక్క లాప్‌టాప్‌కు చాలు. డిసెంబరు 14 లోపల కావాలి. శ్రీహరి గారు కోప్పడితే గుర్రం సంగతి ఇంకొకసారి చెప్పు. నీ మెప్పుదల కాగితం గోడకు మళ్లీ తగిలించు. నీ పట్టికను ఒక్క తప్పు లేకుండా రెండు వందల పన్నెండు పలకల మీదికి ఎక్కించిన మనిషి తర్లుపాడులో ఉన్నాడు. దాన్ని చెడ్డదని ఎవరూ అనలేరు.

రాచర్ల పెళ్లికి నువ్వూ శ్రీహరి గారూ తప్పకుండా రావాలి. మీ ఇద్దరికీ ముందు వరసలో చోటు.

ఇట్లు,
శ్యాంసన్ గారి బ్యాండులో మాస్టరుగా పనిచేస్తున్న,
ముస్తాక్ అహ్మద్.

తా.క. తన పేరు మీద జీవితంలో వచ్చిన మొదటి ఉత్తరమని శ్యాంసన్ మీ కంపెనీ కాగితానికి అద్దం కట్టించాడు. అక్షరాలు రావు కాబట్టి పైన ఉన్న తేదీని మాత్రం వేలు పెట్టి చదివాడు. ఆ అంకెలు పాతవో కొత్తవో కనుక్కోమన్నాడు. కొత్తవైతే ఒకటి తీసేసి చదువుకుంటాడట.